మద్దెల మంచిదే

చాముండేశ్వరి చపాతీ కర్ర కోసం వంటిల్లంతా వెతికి, డిష్‌వాషర్ కూడా తెరిచి చూసి, చివరికి గరాజ్‌లోకి వస్తే అది గరుకు కాగితం చుట్టుకుని మొగుడి చేతిలో ఉంది. తుపాకీ రెండుగా విడిపోయి బల్ల మీద ఉంది, ఇనుము ఒక పక్క, చెక్క ఒక పక్క. పాండురంగ ఆ చెక్క గాడిలో కర్రను ముందుకూ వెనక్కూ లాగుతున్నాడు. కనుబొమ్మల నిండా చెక్కపొట్టే.

“నా కర్ర గీడున్నదా! పిండి కలిపి ఎంతసేపాయె.”

“బ్యారెల్ చెక్కకు ఆనుతున్నది ఈశ్వరీ. లోపల గుండ్రంగ గీకాలె. గీ సైజుకు కుదిరేది ఇంట్ల ఇంకోటి లేదు.”

“అయితే చపాతీలు తుపాకీతోని ఒత్తుకుందామా?”

పాండురంగ నవ్వాడు. నవ్వుతూనే కుడిచెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆమె చూడనట్టే కర్ర వైపు తిరిగింది. వేసవి మొదలైనప్పటి నుంచి ఆ ఇంట్లో అందరూ బాగా నేర్చుకున్న పని అదే, చూసీ చూడనట్టుండడం.

ఎడ్మంటన్ శివార్లలో ఒక ప్లాంట్‌లో మీటర్లు సరిచేసే ఉద్యోగం పాండురంగది. మీటరు తప్పు చూపిస్తే ఆ తప్పు మీటరుదా, వైరుదా, పైపుదా అని తేల్చాలి. దానికి ఆయనకు ఒకటే సూత్రం: ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, మిగతావన్నీ ఎట్లా ఉన్నవి అట్లాగే ఉంచాలి. రెండు కలిపి మార్చావో, మేలు చేసింది ఏదో బ్రహ్మకైనా తెలియదు. ఈ సూత్రాన్ని ఆయన ఒకసారి చాముండేశ్వరి పచ్చిపులుసు మీద ప్రయోగించబోయి చీవాట్లు తిన్నాడు కూడా.

తుపాకీ ఎదురింటి ఓరెస్ట్ ముసలాయనది. తాతల కాలంలో ఉక్రెయిన్ నుంచి వచ్చి ఆ నేల దున్నిన కుటుంబం వాళ్లది. ఏటా చలికాలం ముందు జింకను కొట్టి డీప్‌ఫ్రీజర్ నింపుకునేవాడు. కళ్లకు పొర కమ్మాక తుపాకీని పాండురంగకు అమ్మేశాడు. అంతకుముందే మొగుడూ పెళ్లాలిద్దరూ కలిసి కోర్సుకు వెళ్లి లైసెన్సు తెచ్చుకున్నారు. ఇంట్లో తుపాకీ ఉన్నప్పుడు దాని సంగతి ఇద్దరికీ తెలియాలన్నది ఆయన పట్టు. ఆమె ఆ కోర్సులో నాలుగు తూటాలు కాల్చి, పాసై, మళ్లీ దాని ముఖం చూడలేదు. పాండురంగ మాత్రం సెలవు దొరికితే షూటింగ్ రేంజ్‌కు పరుగెత్తేవాడు. వేట మీద ఆయనకు పెద్ద మోజు లేదు. ఊపిరి బిగబట్టి ట్రిగ్గర్ నొక్కితే దూరంగా కాగితం మీద అనుకున్నచోట చిల్లు పడడం, దాని పక్కనే మరొకటి పడడం, అది ఆయనకు ఇష్టం. కొన్న ఏడాది ఆయన కాల్చిన ఐదు తూటాలూ ఒక గారె కింద దాక్కునేవి. ఈ వసంతంలో మంచు కరిగాక వెళ్లి కాలిస్తే, వాటిని కప్పడానికి అన్నం కంచం కావలసి వచ్చింది.

ఇంత మాత్రానికి వేసవంతా గరాజ్‌లో కూర్చుంటారా ఎవరైనా అని మీరు అడగవచ్చు. కొమరయ్య కొడుకైతే కూర్చుంటాడు.

కొమరయ్య సిరిసిల్లలో మరమగ్గం మీద పనిచేసేవాడు. యాభై దాటాక ఆయన కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఒకదాన్నొకటి రాసుకోవడం మొదలుపెట్టాయి. ఊరికే కూర్చున్నప్పుడే. వాడకట్టులో బీడీలు చుట్టే ఆడవాళ్లు అది చూసి, “కొమరయ్య బావ మాకంటె జల్ది చుడుతుండు” అని నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆకు లేదు, తంబాకు లేదు, వేళ్లు మాత్రం బీడీ చుడుతూనే ఉన్నాయి. తర్వాత చెయ్యంతా, తర్వాత కాలు, తర్వాత మెడ. అన్నం ముద్ద నోటిదాకా వెళ్లేలోపు సగం చాపమీద పడేది. అప్పుడు పాండురంగ తల్లి, “గీ బియ్యమే మంచిగ లెవ్వు, పలుకుపలుకయితున్నయి. ఎవరు తిన్నా కిందనే పడతయి” అనేది. కొమరయ్య తల ఊపి, “అవు, బియ్యమే మంచిగ లెవ్వు” అనేవాడు. ఆఖరికి ఆమే తినిపించింది. అటు తర్వాత నీళ్లు కూడా గొంతు దిగలేదు. ఆ దారి మలుపు మలుపూ పాండురంగకు తెలుసు. ఇప్పుడు ఆయనకు సరిగ్గా తండ్రి నాటి వయసు.

చాముండేశ్వరి మొదట చూసింది టీవీ ముందు. సోఫా చేతిమీద ఆయన వేళ్లు మెల్లగా బీడీ చుడుతున్నాయి. ఆమె కొమరయ్యను చూడలేదు, విన్నది. వినడమే చాలింది. డాక్టరుకు చూపించుకుందామంది. యూనివర్సిటీలో చదివే కూతురు ధాత్రి వారాంతానికి ఇంటికొచ్చి, “డాడ్, ప్లీజ్, జస్ట్ గెట్ ఇట్ చెక్డ్” అని ఇంగ్లీషులోనే బతిమాలింది. చూపించుకుంటే ఏమవుతుంది? వాళ్లు ఆ రోగానికి ఒక పేరు పెడతారు. పేరు పెట్టాక అది ఇంటి మనిషై కూర్చుంటుంది. పాండురంగకు ఆ పేరంటేనే భయం. ప్రాణం పోయేంత భయం.

అందుకే భార్యతో ఒక ఒప్పందం చేసుకున్నాడు. “ముందుగాల తుపాకీ సంగతి తేల్చనీ. దాంట్ల ఏ తప్పూ లేదని తేలినంక గూడ నా గుండ్లు చెదిరితే, అప్పుడు నువ్వే ఫోన్ చెయ్యి. నేను మాట్లాడ.”

“ఆడలేక మద్దెల ఓడన్నట్టున్నది,” అనేసింది ఆమె, అలవాటుగా, వేళాకోళంగా. అన్నాక ఆయన ముఖం చూసి నాలుక కరుచుకుంది. ఆ సామెతను ఆమె మళ్లీ ఆ ఇంట్లో ఎత్తలేదు.

మద్దెల నిజంగానే కొంత ఓడు. అక్కడే వచ్చింది చిక్కంతా. ముందు బ్యారెల్ గొట్టం లోపల కడిగాడు. ఘాటు వాసన మందు పట్టించి గుడ్డపీలిక దూరిస్తే, ఓరెస్ట్ ఏళ్లతరబడి కాల్చిన తూటాల రాగి నీలంగా కరిగి బయటికి వచ్చింది. పీలిక తెల్లగా వచ్చేదాకా తోమాడు. రేంజ్‌కు వెళ్లి కాల్చి చూస్తే పెద్ద తేడా లేదు. తర్వాత గురి చూసే స్కోప్‌ను బిగించిన స్క్రూలు చూశాడు. అందులో ఒకటి వేలితో తిప్పితే తిరిగింది. దాన్ని పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి, “చూడు, చూడు, ఎంత లూజున్నదో!” అంటూ ఆమె చేతిలో పెట్టాడు. మనిషికి ఆశ పుట్టాలంటే పెద్ద కారణం అక్కర్లేదు, ఒక వదులు స్క్రూ చాలు. అది బిగించాక కంచం కాస్తా సాసరైంది.

ఆ తర్వాతే చపాతీ కర్ర వంతు వచ్చింది. బ్యారెల్ దేనికీ తగలకుండా గాలిలో ఉండాలట. తగిలితే, కాల్చిన ప్రతిసారీ అది వేడెక్కి చెక్క మీద ఒరిగి తూటాను పక్కకు నెడుతుందట. బ్యారెల్‌కూ చెక్కకూ నడుమ చిన్న కాగితం దూర్చి లాగితే, కుడిపక్కన ఒకచోట అది చిక్కుకుంది. అక్కడ గీకాడు. కాగితం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా జారేదాకా గీకాడు. ఆఖరికి ఇనుము కూర్చునే చోట గట్టిజిగురు పోసి, అంటుకోకుండా ఇనుముకు బూట్ పాలిష్ పట్టించి, అచ్చు దిగినట్టు కూర్చోబెట్టాడు. ఒక్కో పనికీ ఒక్కో వారాంతం, ఒక్కో రేంజ్ ప్రయాణం. చాముండేశ్వరి పాత జీన్సు కాలు కత్తిరించి, అందులో సోనామసూరి బియ్యం పోసి కుట్టుకున్న మెత్త మీదే ప్రతిసారీ తుపాకీ ఆనించాడు. “తినే బియ్యం మీద తుపాకీ పెడతరా?” అని ఆమె లెంపలు వేసుకుంది గానీ, కుట్టింది ఆమే.

సెప్టెంబరులో ఒక ఎండ పొద్దున ఐదు తూటాలూ అరిసెంత చోటులో పడ్డాయి. పాండురంగ ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు అతికించాడు. ఆ వారమంతా కాఫీ కప్పు కుడిచేత్తోనే పట్టుకున్నాడు. చాముండేశ్వరికి కూడా, కాదేమోలే, అనిపించింది. అనుకున్నందుకు దేవుడికి దీపం పెట్టింది.

దసరాకు తెలంగాణ వాళ్లంతా కమ్యూనిటీ హాల్లో కలిశారు. ఎవరో ఇండియా నుంచి పుస్తకం పేజీల మధ్య జమ్మి కొమ్మ దాచి తెచ్చారు. ఎండిపోయిన ఆకులే, అయినా బంగారం బంగారమే. అందరూ ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుని కావలించుకున్నారు. ఇంటికొచ్చి చాముండేశ్వరి ఆయుధపూజ చేసింది. కారుకు బొట్టు, పాండురంగ పనిముట్ల పెట్టెకు బొట్టు, మిక్సీకి బొట్టు. తుపాకీకి పెడుతుంటే, “ఇనుముకు పెట్టకు, తుప్పు పడుతది. చెక్కకు పెట్టు” అని చెప్పి ఆయన ఫోన్ మాట్లాడడానికి లోపలికి వెళ్లాడు.

ఆ తర్వాతి వారం రేంజ్ నుంచి పాండురంగ తిరిగొచ్చాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేశాడు. ఆయన స్నానానికి వెళ్లాక ఆమె తీసి చూసింది. కంచం కూడా చాలదు. ఒక తూటా అయితే కాగితం అంచున తగిలింది. క్లినిక్ నంబరు ఆమె ఫోన్‌లో ఎప్పటి నుంచో ఉంది. దాన్ని తెరిచి, నొక్కలేక, మళ్లీ మూసేసింది. అన్నం పెడితే ఆయన ఎడమచేత్తో స్పూను పట్టుకున్నాడు. ఆమె పెరుగు వడ్డించింది.

మర్నాడు తుడిచి లోపల పెట్టేద్దామని ఆయన తుపాకీ తీశాడు. ఇక దాంతో పని లేదనుకున్నాడు. చేతి అలవాటు కొద్దీ బ్యారెల్ కింద కాగితం దూర్చి లాగాడు. నడిమధ్యలో అది ఆగిపోయింది.

“ఈశ్వరీ!”

ఆ కేకకు ఆమె చేతిలోని గరిటె వదిలేసి గరాజ్‌లోకి పరుగెత్తింది. పాండురంగ పట్టకారుతో బ్యారెల్ కింది సందులోంచి ఏదో లాగుతున్నాడు. ఎండిన జమ్మి రెమ్మ. దాని చుట్టూ గడ్డకట్టిన పసుపు, కుంకుమ.

“ఇది గిందులకెట్ల వచ్చింది?”

“నేనే పెట్టిన,” అంది ఆమె బిక్కచచ్చి. “పైన పెడితే జారి పడుతున్నది. సందు కనవడితే గండ్ల దోపిన. ఆయుధానికి జమ్మి పెట్టాలె గద?”

“నీ భక్తి తగలెయ్య! వేసవంత ఒళ్లు హూనం జేసుకొని నేను ఖాళీ జేసిన సందది! గండ్ల నువ్వు చెట్టు నాటినవా?”

తిడుతున్నాడు గానీ ఆయన ముఖం వెలిగిపోతోంది. చెక్కకు బ్యారెల్ ఆనకూడదు, ఆకు అడ్డం పడింది, తూటాలు చెదిరాయి. ఇంకేం కావాలి? మీటరు తప్పు దొరికింది. చాముండేశ్వరి పెళ్లైన ఇన్నేళ్లలో మొగుడి చేత అంత సంతోషంగా ఎన్నడూ తిట్టించుకోలేదు. తిట్టు, ఇంకా తిట్టు, తప్పు నాదే కానీ, ఆ ఆకుదే కానీ, అని లోలోపల మొక్కుకుంది. “శనివారం నేను గూడ వస్త,” అని పైకి అంది.

శనివారం రేంజ్‌లో గడ్డిమీద పల్చగా మంచు పడి ఉంది. గాలి లేదు. ఇద్దరూ చెవులకు మూతలు పెట్టుకున్నారు. పాండురంగ బియ్యం మెత్త సర్ది, కాగితం దూర్చి సందు చూసి, స్క్రూలు చూసి, కూర్చున్నాడు. ఐదు కాల్చాడు. దుర్భిణిలో చూశాడు. బ్యారెల్ చల్లారనిచ్చి మళ్లీ ఐదు కాల్చాడు. ఈసారి ఆమె కూడా చూసింది. పిడికెడు మినుములు విసిరినట్టున్నాయి చిల్లులు.

ఆయన లేచి బెంచీ పక్కన నిలబడ్డాడు. అవే తూటాలు, అదే డబ్బా. స్కోప్ గట్టిగా ఉంది. సందు ఖాళీగా ఉంది. జిగురు చెక్కుచెదరలేదు. మార్చవలసినవన్నీ ఒక్కొక్కటిగా మార్చేశాడు. మొదటి నుంచీ మార్చనిది ఒక్కటే మిగిలింది. ఆ ఒక్కటీ ఆయనకు వేసవిలోనే తెలుసు. తెలిసే, దాని దాకా రాకుండా మిగతావన్నీ మార్చుకుంటూ వచ్చాడు.

“నువ్వు కూసో,” అన్నాడు.

“నాకేమొస్తది? ఎప్పుడో కోర్సుల కాల్చిన. ఇంటికి పోదాం, చలి పెడుతున్నది.”

“కూసో ఈశ్వరీ. ఐదే.”

ఆ గొంతుకు ఎదురు చెప్పడం ఆమెకు చేతకాలేదు. కూర్చుంది. కోర్సులో నేర్పినట్టు భుజానికి ఆనించుకుని, గడ్డం చెక్కమీద పెట్టి, ఊపిరి సగం వదిలింది. పాండురంగ టార్గెట్ వైపు చూడలేదు. దూరంగా పార్కింగ్‌లో తమ కారు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఒకటి మోగింది. రెండు. మూడు.

చాముండేశ్వరి కన్ను తీయకుండా స్కోప్‌లోకి చూసింది. కాగితం నడుమ చిన్న నల్ల మచ్చ. మూడు చిల్లులని ఎవరైనా చెప్తే తప్ప తెలియదు. తను సూదిలో దారం మొదటిసారికే ఎక్కించే మనిషి కాదు. గట్టిగా తుమ్మితే గురి పోయే మనిషి. అలాంటి మనిషి చేతిలో కూడా ఈ తుపాకీ కట్టేసినట్టు నిలబడింది. మరుక్షణం ఆ మచ్చ నుంచి గురి తప్పించి ఒక పక్కకు కాల్చింది. ఇంకొకటి రెండో వైపుకు కాల్చింది.

రేంజ్ ఆఫీసరు అందరినీ ఆపమన్నాక ఇద్దరూ మంచు తొక్కుకుంటూ టార్గెట్ దగ్గరికి నడిచారు. ఆమే ముందు నడిచింది. కాగితం ముందు నిలబడి ఆయన కంటే ముందు తనే మాట అందుకుంది.

“చూసిండ్రా? నాకు గూడ గట్లనే చెదిరినయి. గిదొకటి ఈ చివరకు, గిదొకటి ఆ చివరకు. తుపాకే మంచిగ లేదు. ఓరెస్ట్ తాత పాడైపోయిందే అంటగట్టిండు మనకు. ఎన్ని రిపేర్లు చేస్తే ఏమున్నది?”

మాటలు వేగంగా వస్తున్నాయి. ఆమె అంత వేగంగా మాట్లాడడం పాండురంగ ఎన్నడూ వినలేదు.

ఆయన కాగితం చూశాడు. ఒక బొటనవేలి కింద మూడు చిల్లులు. ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి. మీటరు ముల్లు అబద్ధం చెప్తే ఎట్లా చెప్తుందో జీవితమంతా చూసిన మనిషి. వదులైంది ఏదైనా మొదటి నుంచీ వదులుగానే ఉంటుంది. మూడుసార్లు సూటిగా నిలబడి, ఆపైన కావాలని ఇటొకసారి అటొకసారి ఊగదు. అట్లా ఊగేది తుపాకీ కాదు.

ఆయనకు కోపం రావాలి. రాలేదు. తన మీద జాలి కూడా రాలేదు. అన్నం కంచం ముందు కూర్చుని బియ్యాన్ని తిట్టిన తల్లి కళ్లముందు మెదిలింది. అమ్మకు తెలుసు. నాన్నకూ తెలుసు. ఆ బియ్యం మంచివేనని ఆ ఇంట్లో తెలియనిది ఎవరికి? నాన్న ఎందుకు తల ఊపేవాడో, చిన్నప్పుడు తనకు ఎంత చిరాకేసేదో గుర్తొచ్చింది. చాముండేశ్వరి ముక్కు ఎర్రబడింది. చలికా, ఏడుపుకా, ఆమె చెప్పదు. రేపు ఈ చేతులే తనకు ముద్ద పెట్టాలి. అప్పుడు బియ్యాన్ని తిట్టడానికి ఆమెకు ఈ రోజు నుంచే అభ్యాసం మొదలైంది.

“అవు,” అన్నాడు. “తుపాకే మంచిగ లేదు.”

ఆమె తల ఊపింది. కాగితం చింపి మడిచి కోటు జేబులో పెట్టుకుంది. తిరిగి వచ్చి తుపాకీ ఖాళీ చేసి, తాళం వేసి, పెట్టెలో పెట్టింది అంతా ఆమే. ఆయన బియ్యం మెత్త పట్టుకుని వెనక నడిచాడు.

కారు దగ్గర ఆయన జేబులోంచి తాళంచెవులు తీశాడు. కుడిచేతిలో అవి గలగలమంటూనే ఉన్నాయి. ఎప్పుడూ తానే డ్రైవ్ చేసేవాడు.

“నువ్వు నడుపు,” అన్నాడు, చెయ్యి చాచి. “సోమవారం ఫోన్ చెయ్యి.”

ఆమె తాళంచెవులు అందుకుని గుప్పిట గట్టిగా మూసింది.